ఉండుండి

తాళం తిప్పితే ఒక్క 'టక్'.
అంతే.
పుట్టాసింగి ఘాటీ మీద
తొమ్మిదిమంది, రెండు పనసకాయలు, ఒక మేకపోతు
అందరూ నా వంకే.

మళ్ళీ తిప్పితే
ఏమీ ఎరగనట్టు లేచి కూర్చునేది జీపు.

రోజూ అయితే రోగం అనొచ్చు.
మంగళవారం సంతనాడు ఒకసారి,
ఆ తర్వాత పదకొండు రోజులు బుద్ధిగా తిరిగి,
పెళ్ళివారిని ఎక్కించుకున్న రాత్రి
వంశధార వంతెన నడిమధ్య మళ్ళీ టక్.
పెళ్ళికొడుకే దిగి తోశాడు.
వెనక తలుపు మీద పసుపు చేతులు
ఇంకా కడగలేదు నేను.

రాయగడలో బ్యాటరీ మార్చాను, అయిదువేల ఎనిమిదొందలు.
పద్మపురంలో సెల్ఫ్ మోటారు విప్పించి
కార్బన్లు వేయించాను, పన్నెండొందలు.
పర్లాకిమిడిలో ఒకాయన తాళంగుంటే మార్చేశాడు,
అప్పట్నుంచి జేబులో రెండు తాళాలు.
మా అత్త నిమ్మకాయ కట్టింది.
అది ఎండి రాలిపోయింది.

గుణుపురం స్టేషను దాటాక గడ్డెయ్య షెడ్డు.
మూడుసార్లు తీసుకెళ్ళాను.
మూడుసార్లూ మొదటి తిప్పుకే లేచింది,
డాక్టరు ముందు నొప్పి చెప్పని ముసలమ్మలా.
అబద్ధమాడుతున్నానేమోనని
నాకే అనుమానం వచ్చింది.

"ఇక్కడ వదిలీసి ఎలిపో," అన్నాడు గడ్డెయ్య.
"పిలిస్తే రాదది. దానంతటది రావాల."

గంటకోసారి తిప్పడం, సుద్దముక్కతో గోడమీద గీయడం.
లేస్తే నిలువు, లేవకపోతే అడ్డం.
టునా అని ఒడియా కుర్రాడు
రాత్రిళ్ళు కూడా లేచి గీశాడట.
ముప్పయ్యొక్క నిలువులు.
అడ్డం లేదు.

మూడోనాడు తెల్లారి వాన.
అడ్డం.

గడ్డెయ్య పరుగెత్తలేదు.
బీడీ ఆర్పి చెవి సందున దోపుకున్నాడు.
"ఎవుల్నీ ముట్టుకోనీకు," అన్నాడు టునాతో,
చెట్టుమీద పిట్ట వాలినట్టు, గొంతు తగ్గించి.

లైట్లు వేశాడు. తెల్లగా వెలిగాయి.
తాళం తిప్పించాడు. టక్. లైట్లు చెక్కు చెదరలేదు.
"బ్యాటరీ పాపం లేదిందులో."
నా అయిదువేల ఎనిమిదొందలు
ఆ వాన చప్పుడులో విన్నాను.

బల్బు తీగ ఒక కొస బ్యాటరీకి,
రెండోది బాడీకి: వెలుగు.
తాళం తిప్పి పట్టుకుని, అదే కొస ఇంజనుకి:
ఎర్రగా, కునికిపాట్లు.
మళ్ళీ బాడీ. మళ్ళీ ఇంజను.
అప్పుడు చెయ్యి లోపలికి పోనిచ్చి
ఎక్సిలేటరు కేబులు పట్టుకుని
చటుక్కున వెనక్కి తీశాడు.
"సూడు."
పట్టుకున్నాను.
జొరం వచ్చిన పిల్ల మణికట్టు.

"ఎల్లిన కరెంటు ఇంటికి రావాల గదా.
దాని దారి తెగిపోనాది.
ఏ సందు దొరికితే ఆ సందులోంచి దూరి వస్తంది."

ఇంజనుకీ చాసిస్‌కీ నడుమ ఎర్తు పట్టీ.
పైన రబ్బరు నిగనిగలాడుతోంది.
కత్తితో చీలిస్తే
జడలా అల్లిన రాగి అంతా పచ్చటి బూడిద,
నాలుగు పోగులు మిగిలాయి.
అవి అంటుకున్న పూట నాకు జీతం,
ఎడమైన పూట టక్.

బోల్టు కింద నల్లరంగు.
నిరుడు దసరాకి నేనే వేశాను, ముచ్చటపడి,
ఇనుముకీ ఇనుముకీ మధ్య రెండు కోట్లు.
గడ్డెయ్య నా మొహం చూశాడు.
ఏమీ అనలేదు, గీకాడు.

తళుక్కుమనేదాకా ఇసకకాగితం.
పాత లారీలోంచి కోసిన పట్టీ.
బోల్టు మీద వేలెడు గ్రీజు.
నూట నలభై రూపాయలు,
అందులో నలభై టునా నిద్రకి.

"గాడి భల హేలా?" అడిగింది మర్నాడు
పుట్టాసింగి ముసలమ్మ,
అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి.
అయింది అందామనుకున్నాను.
కానీ బాగవడం ఎలా కనిపిస్తుంది?
రానిది రాకుండా ఉండటమేగా.

ఇప్పటికి ఏడు వానలు లెక్కపెట్టాను.
అన్నీ నిలువులే.
అయినా ఘాటీ మీద ఆపితే
ముక్కు పల్లానికే పెట్టి ఆపుతాను,
ముందు చక్రం కింద రాయి.
మొదటి తిప్పుకి ముందు
పనసకాయలతో సహా
అందరం ఒక్క క్షణం మాట్లాడం.